కెప్టెన్ పెండిల్‌బరీ రెండో పట్టీ

నేను ఒక వెండి పతకాన్ని. నాకంటూ పేరు లేదు. నా అంచు చుట్టూ చెక్కిన పేరు కెప్టెన్ ఆర్థర్ పెండిల్‌బరీది, నా బతుకు ఇలా తగలడటానికి కారణమూ ఆ మహానుభావుడే. యుద్ధంలో పోయి ఉంటే నన్ను వాళ్లమ్మకు పంపేవారు, ఆవిడ గాజు పెట్టెలో పెట్టి రోజూ తుడుచుకునేది. పోలేదు. పోకపోగా పెళ్లికి సిద్ధపడ్డాడు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. కలకత్తా టంకశాలలో ఒక్క దెబ్బతో నా చదువు ముగిసింది. ముందువైపు విక్టోరియా రాణి ముఖం పడింది, వెనకవైపు ఎవరో వీరుడికి ఆకుల కిరీటం పెడుతున్న రెక్కల దేవత. ఆ వీరుడు మా కెప్టెన్ అయి ఉంటాడని మొదట్లో నేనూ నమ్మాను.

బర్మా యుద్ధంలో అతను చేసిందల్లా ఐరావతి నదిలో పిండి బస్తాల పడవకు కాపలా కాయడం. శత్రువు ఆ పడవ జోలికి రాలేదు, ఎలుకలు వచ్చాయి. ఆ తరువాత కడుపు చెడి, డోలీలో పడుకుని రేవుకు చేరాడు. డోలీ మోసిన బోయీలకు కంచు పతకాలు ఇచ్చారు, డోలీలో పడుకున్నవాడికి వెండిది. అదేం న్యాయమో నాకు ఇప్పటికీ అంతుబట్టదు, కానీ వెండిని గనక నోరు మూసుకున్నాను.

నా రిబ్బను మీద అడ్డంగా ఒక సన్నని వెండి పట్టీ ఉండేది. దాని మీద బర్మా యుద్ధం పేరు, సంవత్సరాలు. ఏ యుద్ధానికి వెళితే ఆ యుద్ధం పేరున ఒక పట్టీ ఇస్తారు. మొదటిది నా నెత్తిన కూర్చుంటుంది, తరువాతవి దానిపైన మెట్లలా ఎక్కుతాయి. కింద పాతది, పైన కొత్తది. సైన్యం పద్ధతి అది.

నాలుగేళ్లకు బర్మా సరిహద్దున చిన్ కొండల మీదికి యుద్ధానికి పిలుపు వస్తే మా కెప్టెన్‌కు సరిగ్గా అప్పుడే నడుము పట్టేసింది. విజయనగరం కంటోన్మెంటులోనే ఉండిపోయాడు. వెళ్లినవాళ్లు రెండో పట్టీతో తిరిగొచ్చారు. ఇతనికి నడుము నొప్పి మాత్రం తగ్గింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. వాల్తేరులో హార్కోర్ట్ దొరసాని ఉండేది. కర్నలు భార్య, భర్త పోయి మూడేళ్లు. అనంతగిరి కొండ మీద కాఫీ తోటంతా ఆవిడదే. మళ్లీ పెళ్లంటూ చేసుకుంటే కొండల్లో పోరాడి వచ్చినవాణ్ణే చేసుకుంటానని అందరితో అనేది. ఉద్యోగ విరమణ దగ్గర పడ్డ మా కెప్టెన్‌కు ఇల్లూ లేదు, వాకిలీ లేదు. ఆ తోట దక్కితే ముసలితనం గడిచిపోతుంది, దక్కకపోతే లండన్‌లో అక్కగారి ఇంట్లో మేడమెట్ల కింద గదే గతి.

అందుకని ఒక మధ్యాహ్నం కాగితం మీద చిన్ కొండల యుద్ధం పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, నన్ను, ఆ కాగితాన్ని బట్లరు గవరయ్య చేతిలో పెట్టాడు. గవరయ్య నన్ను కంసాలి లక్కోజు అప్పలాచారి దగ్గరికి తీసుకుపోయాడు.

"ఆచారి గారూ, దీనికి ఇలాటి పట్టీయే ఇంకోటి గావాల. ఈ కాయితం మీద అచ్చరాలు దించినట్టుండాల."

"దించుతాను. నాకు అచ్చరవైనా ఒకటే, సిలకైనా ఒకటే. యెక్కడెట్టమన్నాడు మీ దొర, పైనా, కిందా?"

"ఆ మాట సెప్పలేదు. ఇప్పుడెల్లి లేపితే నా మీదకి బూటు ఇసురుతాడు."

అప్పలాచారి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో అడగాల్సిందేటుంది. ముందు పుట్టినోడు పైన కూకుంటాడు, ఎనక పుట్టినోడు కిందన. మీ ఇంట్లో తమ్ముడు అన్న నెత్తినెక్కుతాడేటి?"

గవరయ్యకు అది సబబుగా తోచింది. ఆచారి పాత పట్టీ ఊడదీసి, కొత్తదాన్ని దాని కింద, నా నెత్తిన అతికాడు. పని మాత్రం ముచ్చటగా చేశాడు.

మా కెప్టెన్ నన్ను గుండెకు తగిలించుకుని గడ్డం వంచి చూసుకున్నాడు. అలా చూస్తే నేను తలకిందులుగా కనిపిస్తాను కదా, కొత్త పట్టీయే పైన ఉన్నట్టు కనబడింది. అద్దం ముందు నిలబడ్డాడు గానీ అక్కడ మీసాలు చూసుకోవడంతోనే సరిపోయింది.

దొరసాని ఇంట్లో టీ. గవరయ్య వెనక నిలబడ్డాడు. ఆవిడ ముప్ఫై ఏళ్లు మొగుడి పతకాలు స్వయంగా తోమిన మనిషి. చక్కెర వేస్తూ నా వైపు చూసింది. చెంచా ఆగింది.

"కెప్టెన్, మీరు ముందు చిన్ కొండల్లో పోరాడి, తరువాత నాలుగేళ్లు వెనక్కి నడిచి బర్మా వెళ్లారా?"

మా కెప్టెన్ మళ్లీ గడ్డం వంచాడు. ఈసారి అక్షరాలు చదివాడు. వెంటనే తేరుకున్నాడు. "ఇక్కడి కంసాలులు మీకు తెలియనిదేముంది. అతికించమంటే తారుమారు చేశాడు."

ఆవిడ నవ్వింది. అలాంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. చెంచా మళ్లీ కదిలింది. అక్కడితో గండం గడిచినట్టే. కానీ గవరయ్యకు దొరల భాష సగమే అర్థమవుతుంది, యజమాని మీద మాట పడిందనుకుని అతని మనసు ఒప్పుకోలేదు.

"మా దొరగారి తప్పేటీ నేదమ్మా," అన్నాడు ఒక అడుగు ముందుకొచ్చి. "కాయితం మీద అచ్చరాలు దొరగారే సొయంగా రాసిచ్చేరు. పట్టీ సేసినోడే కింద అతికేసేడు."

దొరసాని ముప్ఫై ఏళ్లు ఈ దేశంలో ఉన్న మనిషి, తెలుగు బాగానే వచ్చు. "చేసినవాడా?" అంది మెల్లగా.

"మా ఈదిలోనే ఉంటాడమ్మా. మంచి పనోడు. తవరికి గాజులు గావాలన్నా సేసెడతాడు."

యుద్ధం పిలుపు రాగానే ఆఫీసర్లకు నడుములు పట్టేయడం ఆవిడ ముప్ఫై ఏళ్లు చూసింది. దొరసాని కప్పు మా కెప్టెన్ వైపు జరిపింది. "టీ చల్లారకముందే తాగి బయలుదేరండి కెప్టెన్. మళ్లీ నడుము పట్టేయగలదు."

తిరుగు దారిలో బండిలో అతను నన్ను పీకి గవరయ్య ఒళ్లో పడేశాడు. గవరయ్య అది బహుమానం అనుకుని దండం పెట్టాడు. వాళ్లింట్లో కొన్నాళ్లు తలుపు గొళ్లేనికి వేలాడాను. ఇప్పుడు విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్టులో, తాళం చెవుల బుట్టలో ఉన్నాను. పతకాలు కొనేవాళ్లు వస్తారు, నా పట్టీలు చూస్తారు, పళ్లికిలిస్తారు, మళ్లీ బుట్టలో పడేస్తారు. రెండింట్లో ఇప్పటికీ తళతళలాడేది మాత్రం అప్పలాచారి చేసిందే.

దొరసాని ఆ మరుసటేడు ఒక తంతి ఇనస్పెక్టరును పెళ్లాడింది. అతని కోటుకు గుండీలు తప్ప మరేమీ లేవు. మా కెప్టెన్ అక్కగారింటికి ఓడెక్కాడు. నాకూ అతనికీ కలిపి చేజారింది ఇంత: అనంతగిరి కొండ మీద మూడు వందల పద్దెనిమిది ఎకరాల కాఫీ, వాగు పక్కన ఇరవై రెండు ఎకరాల నారింజ.