వంతెన మీద ఎర్ర కోటు

"పరధ్యానం, చొక్కా మాడుతోంది!" అని భర్త పక్కగదిలోంచి కేకేసేసరికి ఆమె ఉలిక్కిపడి ఇస్త్రీపెట్టె ఎత్తింది. అప్పటికే కాలర్ అంచున గోధుమరంగు మచ్చ పడనే పడింది. పరధ్యానం అన్నది పెళ్లయిన కొత్తలో ఆయన ముద్దుగా పెట్టిన పేరు. పన్నెండేళ్లలో ముద్దు పోయి పేరు మిగిలింది. అత్తగారిదీ అదే పిలుపు. "పరధ్యానం గారు మేలుకున్నారా? అయితే నా మందులిస్తారేమో కనుక్కో" అనేది మనవరాలితో, కోడలు వినేటట్టుగా.

పొద్దున ఇంట్లో నలుగురి బట్టలు, తొమ్మిది నుంచి డ్రైక్లీనింగ్ షాపులో ఊరందరి బట్టలు, సాయంత్రం వచ్చాక మళ్లీ ఆరేసి తీసినవి. చేతులకు ఆ పని కళ్లు మూసుకున్నా వచ్చు కాబట్టి మనసుకు ఎక్కడికైనా పోయే వీలుండేది. పెట్టె ముడతల మీద నడుస్తుంటే అది మంచుకొండ మీద జారే బండి అయ్యేది. ఆవిరి లేస్తే పొగమంచులో ఓడ కనబడేది. ఆ ఓడెక్కి ఆమె వెళ్లని చోటు లేదు. ఇంతలో ఎవరో పిలిచేవారు, ఆమె దిగొచ్చేది.

ఆ ఏడాది ఊరి చివర వంతెన దగ్గర సినిమావాళ్లు దిగారు. వాళ్ల బట్టలు ఈమె పనిచేసే షాపుకే వచ్చేవి. ఒక మధ్యాహ్నం హీరోయిన్ ఎర్ర కోటు ఇచ్చిరావడానికి వెళితే అక్కడంతా గందరగోళంగా ఉంది. హీరోయిన్ బదులు నదిలోకి దూకాల్సిన అమ్మాయి మెట్ల మీద జారి కాలు మెలిపెట్టుకుందట. దుస్తులు చూసుకునే పెద్దావిడ కోటు అందుకుంటూ ఈమెను ఎగాదిగా చూసింది.

"ఎత్తు సరిపోతుంది. ఈత వచ్చా నీకు?"

"వచ్చు," అంది ఆమె. స్కూలు తరఫున మూడు పోటీలు గెలిచింది. పెళ్లయ్యాక ఆ సంగతి ఎవరూ అడగలేదు.

"ఇరవై అడుగుల ఎత్తు. కింద పడవలో మనవాళ్లుంటారు. భయమైతే ఇప్పుడే చెప్పమ్మా."

భయం వేసింది. కోటు తొడుక్కుని వంతెన కమ్మీ ఎక్కి నిలబడితే ఒళ్లు వణికింది. ఓడ మీద తిరిగినన్నాళ్లూ ఆమెకిలా ఒక్కసారీ కాలేదు. ఇది నిజం కాబట్టే వణుకుతున్నాననుకుని దూకేసింది. చెవుల్లో గాలి హోరెత్తింది. నీళ్లు అరికాళ్లను ఫెడేలున కొట్టాయి. చల్లటి చీకట్లోకి మునిగిపోయి, కాళ్లు తన్ని పైకి తేలేసరికి పడవలోవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. "ఇంకోసారి చేయగలవా?" అన్నాడు దర్శకుడు. ఇన్నేళ్లలో ఆమె ఇష్టం కనుక్కుని పని చేయించుకున్నవాడు ఆయనొక్కడే. రెండోసారీ దూకింది.

తడిజుట్టుతో ఇంటికొస్తే అత్తగారు, "ఈ వేళప్పుడు తలస్నానమేమిటి? నా టీ సంగతేం చేశావ్?" అంది. ఆమె టీ పెట్టింది.

ఆరోజుతో ఓడ రావడం మానేసింది. ఎంత ఆవిరి లేచినా అది ఆవిరే. ఒకసారి నిజం నీళ్లు తగిలిన ఒంటికి ఉత్తుత్తి ప్రయాణాలు ఆనలేదు. అలాగని నిజంగా వెళ్లడానికి దారీ లేదు. పనిచేసే గంటలు మాత్రం ఇదివరకటికన్నా పొడుగైనట్టనిపించాయి. చొక్కాకు రెండు చేతులనీ, కాలర్‌కు రెండు వైపులనీ ఆమెకు అప్పుడే తెలిసినట్టయింది. చొక్కాలు మాడడం లేదని భర్త సంతోషించాడు. "ఇన్నాళ్లకు దారిన పడ్డావ్" అన్నాడు. ఆ మెచ్చుకోలుకు ఆమె బాత్‌రూమ్‌లో కొళాయి తిప్పుకుని ఏడ్చింది.

సినిమా విడుదలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటకు అందరూ వెళ్లారు. తెర మీద ఎర్ర కోటు, వెనకనుంచి. కమ్మీ, గాలి, దూకడం. మూడు క్షణాలు. నీళ్లలోంచి పైకి లేచిన ముఖం హీరోయిన్‌ది.

"చూశావా, అదీ ధైర్యమంటే!" అన్నాడు భర్త. "నువ్వు స్టూలెక్కి బల్బు మార్చమంటే పది సాకులు చెప్తావ్."

"అది నేనే," అంది ఆమె, అనాలనుకోకుండానే.

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడాయన.

ఇక ఇంట్లో అదే వేళాకోళం. "హీరోయిన్ గారూ, ఆ ఉప్పు కాస్త ఇటు అందిస్తారా?" పదేళ్ల కూతురు ఒక్కతే నవ్వలేదు. మరుసటి ఆదివారం ఆడపడుచూ ఆమె భర్తా వస్తే, ఈమె భర్త సినిమా హాల్లో సంగతి మళ్లీ మొదట్నుంచీ అందుకున్నాడు.

"నిజమేనా వదినా?" అంది ఆడపడుచు, పొంగుకొస్తున్న నవ్వు ఆపుకుంటూ.

అందరూ ఆమెవైపే చూస్తున్నారు. "ఊరికే అన్నాన్లే," అని ఆమె కూడా వాళ్లతోపాటు నవ్వేసింది.

అత్తగారు టీ అడిగితే వంటింట్లోకొచ్చి గిన్నెలు కడుగుతుంటే కూతురొచ్చి పక్కన నిలబడింది.

"అయితే అది నువ్వు కాదా అమ్మా? నేను మా క్లాసులో అందరికీ చెప్పేశాను."

"నేనేనమ్మా. నిజంగా నేనే."

"మరి అందరి ముందూ కాదన్నావుగా?"

"నవ్వుతున్నారని."

"అయితే ఎవరైనా నవ్వితే నేను కూడా కాదనెయ్యాలా?"

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. తెలుసుకుందామనే అడిగింది. ఆమె కొళాయి కట్టేసి, తడిచేతులతోనే ముందుగదిలోకి వెళ్లింది.

"ఇందాక అబద్ధం చెప్పాను," అంది. "ఆ వంతెన మీంచి దూకింది నేనే. రెండుసార్లు."

భర్త చప్పట్లు చరిచాడు. ఆడపడుచు భర్త నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "టీ అడిగితే ఇదా తెచ్చావ్!" అంది అత్తగారు.

ఈసారి ఆమె నవ్వలేదు. వాళ్ల నవ్వు ఆగేదాకా అక్కడే నిలబడింది. అది చాలాసేపటికి గానీ ఆగలేదు.