అంచులో పేరు

కార్డోబాకు పోయి వసంతలక్ష్మి చేసిన మొదటి పని మొగుడి బనియన్లు ఉతకడం. స్పెయిన్ దేశంలో, వేల ఏళ్ల చరిత్ర ఉన్న పట్నంలో, హోటల్ గదిలో, తెల్లటి పింగాణీ తొట్టిలో. గదిలోకి వచ్చి గంటైనా కాలేదు. "ఇగో, చెమట వాసనొస్తున్నయి, జర పిండి ఆరెయ్యి" అన్నాడు అశోక్‌కుమార్, మంచం మీద వాలి ఫోన్‌లో ఫొటోలు పంపుకుంటూ. ఆమె పిండింది. ఆరేసే జాగా కోసం కిటికీ తెరిచింది. కింద సన్నటి సందు, సున్నం వేసిన గోడలు, వరసగా నారింజ చెట్లు. నడివీధిలో పళ్లు అట్లా వేలాడుతుంటే ఎవరూ తెంపడం లేదు. తడి బనియన్ చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. "ఏంది, ఉతుకుడు కాలేదా?" అని లోపలి నుంచి వినపడితే తెలివి వచ్చింది.

అసలు ఆమెను తీసుకురావాలని ఎవరూ అనుకోలేదు. మర్రిగూడ దగ్గర చిన్న ఊరు వాళ్లది. అశోక్‌కుమార్ తేలియా రుమాళ్లు నేస్తాడు. ఆముదంలో, బూడిద నీళ్లలో నానబెట్టిన నూలు, ఎరుపు నలుపు తెలుపు గళ్లు. నేసేది ఆయన. నేతకు ముందు ఆ నూలును మేకుల చట్రం మీద చుట్టి ఆసు పోసేది, ఏ పోగు మీద ఎక్కడ ఏ రంగు రావాలో గుర్తులు పెట్టేది, రంగు తగలకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి చిటికి కట్టేది ఆమె. ఒక రుమాలుకు వేల ముడులు. మొత్తం లెక్క ఆమె తలలోనే ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా దాన్ని ఇంట్లో అందరూ 'కూసోని చేసే పని' అంటారు. నేత ఒక్కటే చూపిస్తే చాలదు, ముడులు కట్టడం కూడా చూపించాలి అని, కార్డోబాలో చేనేత ప్రదర్శనకు ఆయన్ను పిలిచినవాళ్లు ఉత్తరంలో ఒక వాక్యం రాశారు. ఆ ఒక్క వాక్యం ఆమెకు పాస్‌పోర్టు తెచ్చింది. "ఇద్దరు పోతే నాకింత బువ్వ ఎవలేస్తరు?" అని అత్త ఉప్పలమ్మ అలిగితే, "పది దినాలే గదనే అమ్మా. అది లేకుంటే ఆడ నా పని ఆగుతది" అన్నాడు కొడుకు. ఆ ముక్క వసంతలక్ష్మి విమానంలో మేఘాల మీద కూడా తలచుకుంది. తను 'అది'. పని 'నాది'.

మర్నాడు పొద్దున ప్రదర్శనకు వచ్చినవాళ్లందరినీ పెద్ద మసీదుకు తీసుకుపోయారు. లోపల చర్చి కూడా ఉంది. కంటికి ఆనినంత దూరం స్తంభాలు, వాటి మీద కమానులు. ఒక పట్టె ఎరుపు, ఒక పట్టె తెలుపు, మళ్లీ ఎరుపు, మళ్లీ తెలుపు. చిటికి కట్టి రంగులో ముంచి విప్పిన నూలు అచ్చం అట్లాగే ఉంటుంది. రాతికి కూడా ఎవరో ఇట్లా లెక్క కట్టారా అని ఒళ్లంతా పులకరించింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనిపించి మొగుడి దిక్కు తిరిగింది. "నన్ను తియ్యి, స్తంభాలన్నీ పడాలె" అని ఆయన ఫోన్ చేతిలో పెట్టాడు. తీసింది. ఆ తర్వాత ఎవరో ఇద్దరినీ కలిపి తీస్తానంటే, "ఫొటోల నోరు తెరువకు" అని మెల్లగా చెవిలో అన్నాడు. పుట్టినూరి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగిన పళ్లు ఆమెవి, గోధుమ రంగు చారలతో. పెళ్లిచూపుల నాటి నుంచి ఆమె కొంగు అడ్డం పెట్టుకునే నవ్వుతుంది. చెప్పాలనుకున్న సంగతి చెప్పకుండానే బయటికి వచ్చింది.

ప్రదర్శనలో తెలుగు విని వాళ్ల భాషలో చెప్పడానికి శోభ అనే హైదరాబాదు పిల్ల ఉంది, అక్కడే చదువుకుంటోంది. ముసలాయన ఒకాయన వచ్చి చాలాసేపు వసంతలక్ష్మి వేళ్లనే చూశాడు. "ఇంత లెక్క ఎట్లా గుర్తుంటుందని అడుగుతున్నారక్కా" అంది శోభ. ఆమె నోరు తెరిచేలోపే అశోక్‌కుమార్ అందుకున్నాడు. "మా నాయిన గండయ్య నేర్పిండు నాకు. ఈమె మా మిసెస్. జర సాయం చేస్తది." శోభ వసంతలక్ష్మి దిక్కు ఒకసారి చూసి, అదే చెప్పింది. ముసలాయన కళ్లు ఆమె వేళ్లను వదిలి ఆయన ముఖం మీదికి పోయాయి. ఆమె ముడి వేస్తూనే ఉంది. ఇంట్లో కూడా ఇంతే కదా, కొత్తేముంది అనుకుంది. కానీ ఇంట్లో మగ్గం చప్పుడుంటుంది, అత్త సణుగుడుంటుంది, ఒంటరితనం వాటి కింద పడి కనపడదు. ఇక్కడ భాష కూడా లేక, అది ఎదురుగా వచ్చి కూర్చుంది.

మూడోనాడు మధ్యాహ్నం భోజనాల వేళకు అక్కడి అలవాటు ప్రకారం అన్నీ మూసేశారు. అశోక్‌కుమార్ నిద్రకు పడుతూ, "నువ్వు ఎటు పోకు, తప్పిపోతవ్" అన్నాడు. ఆయన గురక పెట్టేదాకా ఆగి, వసంతలక్ష్మి ఒక నూలు పోగు వేలికి చుట్టుకుని బయలుదేరింది. ఎడమకు తిరిగితే ఒక ముడి, కుడికి తిరిగితే రెండు ముడులు. వేల ముడుల లెక్క మోసే మనిషికి నాలుగు సందులొక లెక్కా! సందులు ఎంత సన్నగా ఉన్నాయంటే రెండు చేతులు చాపితే రెండు గోడలు అందుతున్నాయి. చాపి చూసింది కూడా. నది మీద పాత రాతి వంతెన ఎక్కి సగం దాకా నడిచి, గాలికి కొంగు ఎగిరిపోతుంటే పట్టుకోకుండా వదిలేసింది. పెళ్లయ్యాక ఏ పనీ లేకుండా నడవడం ఇదే మొదలు. ఎంత బాగుందో, అంత ఏడుపూ వచ్చింది.

తిరిగి వస్తుంటే ఒక తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల వాకిలి, నాలుగు గోడల నిండా నీలం కుండీలు, ఎర్రటి పూలు. నల్ల గౌను వేసుకున్న ముసలమ్మ ఒకామె పొడుగాటి వెదురు కర్రకు చివర డబ్బా కట్టి, పైన ఉన్న కుండీలకు ఒక్కొక్కదానికే నీళ్లు పోస్తోంది. ఎన్ని వందల కుండీలో! రోజూ పోయాలి కదా, ఈమె మెడ ఏం కావాలి అనుకుంది వసంతలక్ష్మి. లోపలికి రమ్మని చెయ్యి ఊపింది ముసలమ్మ. తలుపు పక్కన గోడకు రంగు పలక ఒకటి అతికించి ఉంది. ముసలమ్మ దాని మీద అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివింది. "రఫాయెలా." తన గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత పూలన్నిటినీ చూపించింది. ఇవి పెంచింది నేనే, అందుకే నా పేరు. ఏ భాషా అక్కర్లేకుండానే అర్థమైంది. ఆ వేలు ఇప్పుడు వసంతలక్ష్మి వైపు తిరిగింది.

"వసంతలక్ష్మి" అంది. తన గొంతులో తన పేరు తనకే కొత్తగా వినపడింది. 'ఇగో', 'కోడలా', 'అశోక్ భార్య' - ఊళ్లో ఆమెను పిలవడానికి ఇవి చాలు. ముసలమ్మ మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ తప్పు పలికి, పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. వసంతలక్ష్మి కూడా నవ్వింది. వంతెన మీద గాలికి వదిలేసిన కొంగు ఇంకా వెనకే వేలాడుతోంది, అడ్డం పెట్టుకుందామంటే చేతికి అందలేదు. అట్లాగే చారల పళ్లతో నవ్వింది.

ముడులు చూసుకుంటూ గదికి వచ్చేసరికి అశోక్‌కుమార్ లేచి కూర్చున్నాడు. "ఎటు పోయినవ్? చాయ్ పెట్టెటోళ్లు లేరు."

"పూలు చూసొచ్చిన."

"ఆడ పూలు, ఈడ పూలు. ఏం తేడా?" అన్నాడు. ఆమె కెటిల్‌లో నీళ్లు పోసింది.

తిరిగి వచ్చిన నెలకు కార్డోబా ప్రదర్శన వాళ్లే ఒక పెద్ద రుమాలు కావాలన్నారు, గోడకు వేలాడదీసి పదికాలాలు ఉంచుతారట. చేసినవాళ్ల పేరు అంచులో ఉండాలన్నారు. అది వాళ్ల ఇంట్లో ఉన్న అలవాటే. మంచి తునక నేసినప్పుడు ఇంటాయన పేరు అంచులో చిటికి కడతారు, తెల్లటి అక్షరాలు తేలేట్టు. "నా పేరు జర పెద్దగ కట్టు" అన్నాడు అశోక్‌కుమార్.

ఆ పొద్దు ఆసు ముందు కూర్చుని ఆమె అత్తను అడిగింది. "అత్తమ్మా, నువ్వు మామ పేరు ఎన్నిసార్లు కట్టినవ్?"

"ఎన్నని చెప్పాలె బిడ్డా. ఒక్కసారన్న నోటితోని అనలే. మొగని పేరు అంటరా? వేళ్లతోని మాత్రం కట్టిన, కండ్లు పోయేదాక."

"మరి నీ పేరు?"

ఉప్పలమ్మ మసకబారిన కళ్లతో కోడలి దిక్కు చూసింది. "నా పేరెందుకే" అంది. మళ్లీ, తనలో తాను అన్నట్టు, "ఎవలడిగిండ్రు" అంది.

వసంతలక్ష్మి బొగ్గు తీసుకుని గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది. గొడవవుతుంది, తెలుసు. ఆర్డరు పోయిందని అరుస్తాడు, ఊళ్లో పరువు తీసినవంటాడు. అయినా పీలిక బిగించింది. మొదటి ముడి, రెండో ముడి. కట్టిన నూలును రంగులో వేసింది, ఆరబెట్టింది, విప్పింది, వరస తప్పకుండా నాడెలో పెట్టే కండెలకు చుట్టింది. చిటికి నూలులో ఇదో సుఖం ఉంది: నేసేదాకా అందులో ఏముందో కట్టినవాళ్లకు తప్ప ఎవరికీ కనపడదు.

పది దినాలకు నేత అంచులో పేరు ఉండే చోటికి వచ్చింది. అక్షరాలు అంచు పొడుగునా పడుకుని ఉంటాయి కాబట్టి ఒకదాని వెనక ఒకటి తేలతాయి. ఆమె గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మగ్గం ఆగింది.

"ఇగో, గీడ తప్పు కట్టినవ్. 'అ' రాలే, 'వ' వచ్చింది."

ఆమె ఇంకో గింజ తీసింది. మగ్గం మళ్లీ కదిలింది, ఈసారి నెమ్మదిగా. ఆయన పాదం తొక్కుతోంది, ఆయన చెయ్యే నాడె విసురుతోంది, ఆయన అల్లుతున్న పోగుల్లోంచే తెల్లగా మరో అక్షరం. మళ్లీ ఆగింది. "వ... సం..." అని వినపడింది. మూలన మంచం మీద ఉప్పలమ్మ లేచి కూర్చుంది.

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన నోట ఆమె పేరు రావడం అదే మొదటిసారి. పూర్తిగా చదవనీ అని, వసంతలక్ష్మి కూర్చున్నచోటు నుంచి లేవలేదు.