ఓపల్ కోసం చేసిన చేపల విందు

2017 మార్చి పదకొండు, శనివారం. ఆ సాయంత్రం మా ఫైర్‌స్టేషన్‌లో వేయించిన క్యాట్‌ఫిష్ చేపలు, ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె తిన్నాం.

తూర్పు కెంటకీలోని మా లోయలో ఎవరికి జబ్బు చేసినా ఇదే పద్ధతి. ఫైరింజన్‌ను బయట నిలిపి, లోపల బల్లలు వేస్తాం. ఊరే వండుతుంది, ఊరే కొనుక్కుని తింటుంది. వచ్చిన డబ్బు రోగి పేరున బ్యాంకులో వేస్తాం. నా భార్య లెనోర్ పోయాక నేను కడుపునిండా తినేది ఈ విందుల్లోనే. అడగకుండానే ఎవరో ఒకరు నా పళ్లెంలో రెండో ముక్క వేస్తారు.

ఆ విందు ఓపల్ స్టిల్ట్‌నర్ కోసం. కుర్చీల ఫ్యాక్టరీలో చెక్క నునుపు చేస్తూ, ఆ పొట్టు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిన మనిషి. ముక్కులో గొట్టం, పక్కన ఆక్సిజన్ యంత్రం.

“మాస్టారూ, ముళ్లు చూసుకుని తినండి,” అంది నన్ను చూసి. “మీరూ మంచమెక్కారంటే మళ్లీ చేపలే వండుతారు. నాకు విసుగు.”

ఫ్యాక్టరీ ఆమెకు ఏనాడూ బీమా ఇవ్వలేదు. ప్రభుత్వం పేదలకిచ్చే వైద్యం కార్డు ఒక్కటే ఆధారం. ఏప్రిల్‌లో ఆ కార్డు రద్దయింది. నెల మొదటి తేదీన ఆమె ఖాతాలో పేదలకు ఉండకూడనంత డబ్బు ఉందట. అది మా చేపల డబ్బు. ఆ వారంలోనే ఆసుపత్రి దాన్ని పాత బిల్లు కింద ఊడ్చేసింది. కార్డులిచ్చే ప్రభుత్వ ఆఫీసుకు అదేమీ పట్టలేదు. మొదటి తేదీన ఉన్నదే లెక్క అంది.

తర్వాత ఆక్సిజన్ యంత్రం అద్దెకిచ్చే కంపెనీ వ్యాను దాన్ని తీసుకుపోవడానికి వచ్చింది. ఆమెకు చదవడానికి పుస్తకాలిద్దామని వెళ్లి, నేనూ అక్కడే ఉన్నాను. ఓపల్ అన్న డెల్మర్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“కార్డు లేకపోతే యంత్రం ఉండదు డెల్మర్. నేను మోసేవాణ్ణే, ఆర్డరు రాసేవాణ్ణి కాదు,” అన్నాడు డ్రైవర్ బర్ల్.

“మరి మా చెల్లి ఏం పీల్చాలి?”

“కంపెనీకి ఫోన్ చెయ్యి.”

“పొద్దుటి నుంచీ చేస్తున్నా. పాట వినిపిస్తున్నారు.”

“అన్నయ్యా, పక్కకి జరుగు. అతని ఉద్యోగం పోతుంది,” అంది ఓపల్. గొట్టం తనే తీసి, చుట్టి అతని చేతిలో పెట్టింది. “ముడి పడకుండా చుట్టాను బర్ల్.”

అతను ఆమె ముఖం చూడలేదు. యంత్రాన్ని వ్యాన్‌లో పెట్టి, నిండు సిలిండర్ ఒకటి తెచ్చి గుమ్మం పక్కన దించి వెళ్లిపోయాడు. అది ఆర్డరులో లేనిది. అందులో గాలి తెల్లారేదాకా వచ్చింది. అంబులెన్స్ చేరేసరికి ఓపల్ పెదవులు నీలమయ్యాయి. ఆసుపత్రి చేరకముందే పోయింది.

ఆమెను పాతిపెట్టి వచ్చి మళ్లీ అవే బల్లల దగ్గర కూర్చున్నాం. అవే చిక్కుళ్లు, అదే రొట్టె. మాకు ఎదురుగా వెస్టర్ కూట్స్ ఉన్నాడు. అదే ఫ్యాక్టరీ, అదే జబ్బు, అలాంటి యంత్రమే. అతని పేరునా మేం విందు డబ్బు వేశాం. అతని కార్డూ ఆ వారమే రద్దయింది.

“వచ్చే శనివారం వెస్టర్ కోసం చేపలు వండుదాం,” అంది మేవిస్ అత్త. మా విందులన్నిటికీ ఆమే పెద్ద.

“వండు అత్తా,” అన్నాడు డెల్మర్. “వండి వెస్టర్‌నీ పాతిపెడదాం.”

“నోరు కడుక్కో. నీకు పళ్లు రాకముందు నుంచీ ఈ ఊరిని మోస్తున్నా.”

“నువ్వు మోసింది ఊరిని కాదత్తా, ఆసుపత్రిని. మన ఊపిరి ఫ్యాక్టరీ తింది, మన చేపలు ఆసుపత్రి తింది. మనకి మిగిలింది గిన్నెలు తోమడం.”

మేవిస్ గరిటె కింద పెట్టింది. 

రీనా లేచింది. క్లినిక్‌లో కూర్చుని జనానికి బీమా, వైద్యం దొరికేలా చూసే మనిషి ఆమె. “ఓపల్ ఖాతా ఇప్పుడు ఖాళీ. ఇప్పుడామె కార్డుకి అర్హురాలే,” అంది. కొందరు తలలు దించుకున్నారు. “కార్డు రద్దని ఉత్తరం రాగానే విచారణ కోరాలి. కోరితే, తీర్పు వచ్చేదాకా కార్డు ఆపకూడదు. అది చట్టం. ఆఫీసులో ఆమెకి ఎవరూ చెప్పలేదు. మీరెవరూ నా దగ్గరికి రాలేదు. ఎందుకని?”

“అడుక్కోవడం మాకు రాదమ్మా,” అన్నాడు వెస్టర్.

“చెక్కపొట్టు మింగింది నువ్వు. అడుక్కోవడమేంటి? నీకు రావలసింది రాబట్టుకోవడం.”

“అది తేలేలోపు వ్యాను వస్తే?” ఎవరో అడిగారు.

మేవిస్ సమాధానం చెప్పింది. “ఇల్లు కాలితే సైరన్ మోగిస్తాం కదా. మనిషి ఊపిరి పట్టుకుపోతుంటే మోగించకూడదా?”

సోమవారం అందరం ఆఫీసుకు వెళ్లాం. ఒక్కొక్కరే రావాలన్నాడు గుమాస్తా. “ఒక్కొక్కరం వచ్చే చచ్చాం,” అన్నాడు డెల్మర్. ఎవరూ బయటికి కదల్లేదు. వెస్టర్‌తో సహా కార్డు పోయినవాళ్లందరి పేరునా విచారణ కోరాం. ఇక తీర్పు దాకా ఆ కార్డులు నడవాలి.

అయినా గురువారం వెస్టర్ ఇంటికి బర్ల్ వ్యాను వచ్చింది. కార్డు ఉన్నట్టు కంపెనీ కంప్యూటర్ చూపించడం లేదట.

సైరన్ మోగింది. పొలాల నుంచి, గ్యారేజీల నుంచి, బడి వంటగది నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. మెట్లు, వరండా, వాకిలి నిండిపోయాయి. ముందు వరసలో డెల్మర్, రీనా. వెనకాలే పోలీసు కారు వచ్చింది, అందులోంచి డిప్యూటీ దిగాడు.

“మీ అమ్మ ఆపరేషన్‌కి మేం విందు చేస్తే మూడు పళ్లేలు లాగించావు. గుర్తుందా నాయనా?” అంది మేవిస్.

“గుర్తుంది అత్తా,” అన్నాడు డిప్యూటీ. “డెల్మర్, చేతులు వెనక్కి పెట్టు.”

డెల్మర్‌కు బేడీలు వేశాడు. రీనాకు వేసేటప్పుడు చెయ్యి మెలితిప్పాడు. ఆమె మోకాళ్ల మీద పడింది. మేవిస్ తన ముడతల మణికట్లు ముందుకు చాపింది. ఆమె పక్కన ఇంకో జత, వెనక మరో జత. వరండా అంతా చేతులే. డిప్యూటీ దగ్గర బేడీలు అయిపోయాయి. పట్టుకున్న ఇద్దర్నీ కారులోకి తోసి తీసుకుపోయాడు.

బర్ల్ వ్యాను తాళాలు జేబులో వేసుకుని మెట్టు మీద కూలబడ్డాడు. “నా నడుం పట్టేసింది. ఇవాళ ఏదీ ఎత్తలేను,” అన్నాడు. ఎవరో అతనికి కాఫీ ఇచ్చారు.

తెల్లారగానే జైలు ముందుకు, అక్కణ్ణుంచి ఆఫీసుకు వెళ్లాలని మెట్ల మీదే నిర్ణయమైంది. బర్ల్ ఖాళీ వ్యాను తోలుకుపోయాడు. చీకటి పడ్డాక కూడా మిగతావాళ్లు కదల్లేదు.

“చలి వస్తోంది మాస్టారూ,” అన్నాడు వెస్టర్, లోపల కుర్చీలో గొట్టం సర్దుకుంటూ.

అతని ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ బయట కూర్చున్నవాళ్లకు అందించాను. లెనోర్ అల్లిన నా శాలువా మేవిస్ భుజాల మీద వేశాను. లోపల యంత్రం గురగురమంటూ నడుస్తోంది. ఆ చప్పుడు ఆగలేదని మరోసారి విని, తలుపు నెమ్మదిగా వేశాను.