ఒక్క బంతీ దాటిపోని సీజన్

ఫోన్ పెట్టేసి యనీరా చేతిలో గరిటెతోనే గంతులేసింది. పెళ్లయి ఇరవై రోజులు. మూకుట్లో అరటికాయ ముక్క బంగారు రంగు తిరిగినా ఆమెకు పండగే. ఇప్పుడిక చెప్పేదేముంది!

బరహోనా ఉప్పుగని బేస్‌బాల్ జట్టు అరవై ఏళ్ల చరిత్రలో, బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టే క్యాచర్లు ఆడిన గొప్ప సీజన్లన్నీ క్లబ్బువాళ్లు లెక్క తీశారట. నిరుడు ఆమె మొగుడు విల్టన్ ఆడినదే అన్నిటికన్నా పైన నిలిచిందట. రేపు మధ్యాహ్నం స్టేడియం గోడ మీద పేరు రాస్తారట.

"సీజనంతా నీ తప్పు వల్ల ఒక్క బంతి కూడా వెనక్కి పోలేదట! రెండోస్థానంలో ఉన్న పాతాయనకి ఒకటుందట. అంతే తేడా!"

విల్టన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. నవ్వలేదు.

"బంతి దాటిపోతే తప్పు నాదో, విసిరిన పిచర్‌దో రాసేదెవరు?"

"స్కోరరు."

"నిరుడు స్కోరరెవరు?"

యనీరా గంతులు ఆగిపోయాయి. స్కోరరు ఆమె నాన్న ఫెర్మిన్. అప్పటికే విల్టన్ ఆమె వెంట తిరుగుతున్నాడని ఊరంతటికీ తెలుసు.

"మా నాన్న నీకోసం దొంగరాత రాశాడంటావా? నువ్వొస్తే త్వరగా పోవాలని తలుపు వెనక చీపురు తిరగేసి పెట్టిన మనిషి!"

"డిసెంబరులో మా పిచర్ ఒబిస్పో విసిరిన బంతి నా కాళ్ల మధ్య నుంచి పోయింది. సూటిగా వచ్చింది పిల్లా, పట్టుకోవాల్సిందే. పిచర్ తప్పని రాశారు."

చీపురు పెట్టిన మనిషి పెళ్లికి అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడు? యనీరాకీ అనుమానం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే కబురు విని ఫెర్మిన్ రెండు అవకాడోలతో ఊడిపడ్డాడు.

"ఏం అల్లుడూ, గోడెక్కేస్తున్నావట!"

"నాన్నా, ఒబిస్పో బంతి చూసే రాశావా?"

ఫెర్మిన్ చెవి గోక్కున్నాడు. అవకాడో నొక్కి చూశాడు.

"చూడలేదు."

"మరి?"

"నిన్ను చూస్తున్నా. నీ చూపు వీడి మీదుందో, పక్క వరసలో మందుల షాపతని మీదుందో తేల్చుకుందామని దుర్భిణి నీ వైపు తిప్పా. వీడి మీదే ఉందని తేలాకే కదా పెళ్లికి ఊఁ అన్నా. మళ్లీ ఇటు తిప్పేసరికి బంతి కంచె దగ్గరుంది. ఒబిస్పో విసిరినవి ఎటు పోతాయో దేవుడికే తెలీదు కదా. అలవాటుగా వాడి పేరున రాసేశా."

యనీరాకి పక్కున నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి మింగేసింది.

"అది నీ కింద రాస్తే?" అని అతన్ని అడిగింది.

"ఇద్దరికీ చెరొకటి. బ్యాటుతో ఆ పాతాయనే ఎక్కువ కొట్టాడు. మొదటిస్థానం ఆయనదే."

"నీకు బాధగా లేదూ?"

"ఎందుకుండదు! ఏడేళ్లుగా మోకాళ్లు అరగదీసుకుంటున్నా." విల్టన్ కప్పు పక్కకి జరిపాడు. "మావయ్యా, రేపు పొద్దున్నే, వాళ్లు రంగు డబ్బా మూత తీయకముందే క్లబ్బుకి పోదాం. ఆ బంతి నాదని మీరే చెప్పాలి."

"దుర్భిణి సంగతి కూడానా?"

"ముందు అదే చెప్పాలి నాన్నా," అంది యనీరా. "ఎనిమిదింటికల్లా తయారుగా ఉండు. నేనూ వస్తున్నా."