మలుపు దగ్గరే వినపడాలి

చెవి మేస్త్రీ అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు. బండి షెడ్డు ముందు ఆగకముందే దాని రోగమేమిటో చెప్పేవాడు. ఆ తర్వాత బానెట్ ఎత్తి చూడడం బండి యజమాని తృప్తి కోసం. నలభై ఏళ్ళలో ఆ షెడ్డులోంచి చప్పుడు చేస్తూ బయటికి వెళ్ళిన బండి ఒక్కటీ లేదు. మాటల్లోనూ అంతే. ఆయన గొంతు విన్నవాళ్ళకన్నా ఆయన నోరు మూయించిన ఇంజన్లే ఎక్కువ.

అలాంటి మనిషికి, కారు సైలెన్సర్ పీకించి సూటి గొట్టం వేయించుకున్న అల్లుడు దొరికాడు.

అల్లుడు పటాలు గీసే ఆఫీసులో పని చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. కూర్చోమంటే కూర్చుంటాడు, మంచినీళ్ళు కావాలా అంటే మీ ఇష్టమంటాడు. ఆ లోటంతా కారు తీర్చేది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా, ఇంజన్లో కాలకుండా మిగిలిన పెట్రోలు గొట్టంలో అంటుకుని టప్, టప్, ఢామ్మని పేలేది. షెడ్డు వెనకే ఇల్లు. అక్కడ తల్లీకూతుళ్ళు పగలంతా కుట్టుమిషన్ల మీద పని చేస్తారు. సాయంత్రం అయిదున్నరకు అల్లుడు భార్యను తీసుకెళ్ళడానికి వస్తాడు. వస్తున్నాడని వీధి వీధంతటికీ తెలుస్తుంది.

పక్కనే పంక్చర్ల షాపతను రోజూ లేచి నిలబడేవాడు.

"టైరు పేలిందేమోనని ఆశగా లేస్తాను మేస్త్రీ! తీరా చూస్తే మీ అల్లుడుగారు. ఊరి బండ్లకు వైద్యం చేస్తారు, ఇంట్లో దగ్గుకు మందు లేదా?"

ఆ మాట మేస్త్రీకి ముల్లులా దిగబడిపోయింది. మర్నాడు టీ దగ్గర ఇంకెవరో అదే అన్నారు. ఆ మర్నాడు బండి దింపడానికొచ్చిన వాడొకడు ఆ చప్పుడు విని, "రేపొస్తాలెండి" అని బండి తిప్పుకుపోయాడు. నలభై ఏళ్ళ పేరు ఒక గొట్టంలోంచి పోతోందని మేస్త్రీకి అర్థమైంది.

అదను దానంతటదే వచ్చింది. అల్లుడు ఆఫీసు పని మీద రెండు రోజులు పొరుగూరు వెళ్తూ, బ్రేకులు చూడమని కారు షెడ్డులో పెట్టాడు. మేస్త్రీ బ్రేకులు చూశాడు. ఆ తర్వాత ఎవరూ అడగని వైద్యం మొదలుపెట్టాడు. పాత కారు సైలెన్సర్ ఒకటి తెచ్చి, తుప్పు గీకి, కొలిచి, అతికాడు. గాలి దూరుతున్న జాయింటుకి కొత్త గాస్కెట్ వేశాడు. ఊడదీసిన సూటి గొట్టాన్ని గోడకు తగిలించాడు.

అల్లుడు వచ్చి తాళం తిప్పాడు. చాలాసేపు కూర్చున్నాడు.

"మావయ్యగారూ, స్టార్ట్ అయిందాండీ?"

"అయింది."

"వినపడట్లేదే."

"అదే."

అల్లుడి మొహం గాలి తీసిన ట్యూబులా అయింది. అయినా పిల్లనిచ్చిన మామ. మింగలేక కక్కలేక, "బాగుందండీ" అని పోనిచ్చాడు. పంక్చర్ల షాపతను స్టూలు మీంచి లేవలేదు. మేస్త్రీకి అంతకన్నా ఏం కావాలి?

ఆ సుఖం మూడు రోజులు.

నాలుగోనాడు మేస్త్రీ ఒక లారీ కింద పడుకుని ఉండగా, కారు పిల్లిలా వచ్చి ఆగింది. అల్లుడి చెప్పులు లారీ పక్కనుంచి ఇంటివైపు నడిచాయి. లోపల్నుంచి మేస్త్రీ భార్య గొంతు స్పష్టంగా వస్తోంది.

"మనిషా అది, మట్టిముద్దా? ఆ కారుకున్న నోట్లో పావు వంతు ఉన్నా బతికిపోయేవాడు. ఆ రెండో సంబంధమే చేద్దామంటే మీ నాన్న విన్నారా? మీ నాన్నకి ఇతను నచ్చడానికి కారణమేంటంటావ్? తనలాగే ఇతనూ మాట్లాడడు!"

మేస్త్రీ దగ్గుదామనుకున్నాడు, రాలేదు. చేతిలో స్పానర్ జారవిడిచాడు. అప్పటికే ఆలస్యం. చెప్పులు గుమ్మం ముందు ఆగిపోయాయి. అత్తగారి కళ్ళజోడు విరిగితే కొత్త పుల్ల వేయించి తెచ్చాడు పాపం. దాన్ని కిటికీలో పెట్టి, కారులో కూర్చుని, హారన్ మెల్లగా ఒక్కసారి కొట్టాడు.

ఆ రోజు నుంచి అల్లుడు గడప తొక్కలేదు. రోడ్డు మీదే ఆగి, ఒక్క హారన్ కొట్టడం, భార్యను ఎక్కించుకుని వెళ్ళిపోవడం.

వారం తిరిగేసరికి మేస్త్రీ మీద ఆయన భార్య విరుచుకుపడింది.

"ఎవరడిగారండీ మిమ్మల్ని? ఆ చప్పుడు మలుపు దగ్గర వినపడగానే నేను మాట మార్చేసేదాన్ని. గుమ్మంలోకి వచ్చేసరికి 'రా బాబూ, అలిసిపోయావా' అనేదాన్ని. ఇన్నాళ్ళూ ఎంత మర్యాదగా గడిచింది! పిల్లి మెడలో గంట ఉంటే మీరే విప్పి పారేశారు."

"నువ్వు మానొచ్చుగా" అన్నాడు మేస్త్రీ.

"ఏం మానాలి? ఊపిరా?"

కూతురు మిషన్ ఆపి తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాన్నా, అమ్మ నోరు బాగుచెయ్యగలవా?"

మేస్త్రీ నిజంగానే ఆలోచించాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపాడు.

"అయితే కారు పాడుచెయ్యి."

ఆ సాయంత్రం హారన్ మోగగానే మేస్త్రీ గోడ మీది గొట్టం తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళాడు. అల్లుడు గొట్టాన్ని చూశాడు, మామను చూశాడు, కారు షెడ్డులోకి ఎక్కించాడు.

చెడగొట్టడమైనా సరే, అడ్డదిడ్డంగా చేసే అలవాటు ఆ చేతులకు లేదు. గొట్టం బిగించి, జాయింటులో మళ్ళీ గాలి దూరేలా బోల్టులు ముప్పావు చుట్టు వదులు చేసి, కూతుర్ని వంటింట్లో నిలబెట్టి, అల్లుణ్ణి మలుపు దాకా పంపించాడు.

"వినపడిందా?"

"సరిగ్గా లేదు నాన్నా."

ఇంకో అరచుట్టు. ఈసారి ఢామ్మన్న మోతకి వంటింట్లో గిన్నె మూత కదిలింది. ఇంత శుభ్రంగా పాడైన బండిని మేస్త్రీ తన సర్వీసులో చూడలేదు.

అల్లుడు దిగి వచ్చి, అలవాటు లేని పనిలా చిన్నగా నవ్వాడు.

"ఇంకొంచెం పెంచండి మావయ్యగారూ. మలుపు నుంచి ఇంటికి అర నిమిషమే. అత్తయ్యగారి మాట అంతలో పూర్తి కాదు."

మేస్త్రీ స్పానర్ అందుకున్నాడు.

మర్నాడు అయిదున్నరకు మలుపు అవతల, పాత బడి దగ్గరే పేలింది. పంక్చర్ల షాపతను దిగ్గున లేచాడు. లోపల మిషన్ ఆగింది, ఒక వాక్యం సగంలో తెగింది. "రా బాబూ" అన్న పిలుపు కారు కన్నా ముందే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అల్లుడు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాడు.

ఆ వారంలోనే, ఎవరో కుర్రకారు మూడు కార్లతో షెడ్డు ముందు ఆగారు.

"చప్పుడు పెట్టే మేస్త్రీ మీరేనటగా?"

మేస్త్రీ మొదటి కారు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాడు. దానిలో ఏ రోగమూ లేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి, ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తోచలేదు.