ఇంటింటికీ తిరిగే సమావేశం

ఆరో వార్డు మెంబరు బంగార్రాజు గేదెకు కుడితి పెడుతున్నాడు. యోసేపు సైకిలుకు స్టాండు వేసి, సంచీలోంచి తీర్మానాల పుస్తకం తీసి, దూడను కట్టేసిన రాటకు ఆనించి పట్టుకున్నాడు. పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి, "ఇక్కడండీ" అన్నాడు. బంగార్రాజు తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని సంతకం గీకి, మళ్ళీ గేదె దగ్గరికి వెళ్ళిపోయాడు. ఏం రాసి ఉందని అడగలేదు. అలా అడిగిన మెంబరును ముప్ఫయ్యేళ్ళలో యోసేపు చూడలేదు.

మండవల్లి దాటాక కొల్లేటి ఒడ్డునున్న ఆ ఊళ్ళో పంచాయతీ సమావేశం అలాగే జరుగుతుంది. ఎవరూ ఎక్కడికీ రానక్కర్లేదు. సమావేశమే సైకిలెక్కి ఇంటింటికీ వస్తుంది. సెక్రటరీ రాసిన పుస్తకం పొద్దున్నే ఊరి పెద్ద నరసరాజుగారి అరుగు మీంచి బయల్దేరి, సాయంత్రానికి సంతకాలతో మళ్ళీ అక్కడికే చేరుతుంది. మోసేది అటెండరు యోసేపు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఒక సైజు పెద్ద చొక్కా, ఎండకు మాడి మడతలు పడిన మెడ. ఇవాళ రిటైరవుతున్నాడు.

ఇన్నేళ్ళయినా అతనికి ఒక్క సంగతి అంతుపట్టలేదు. నరసరాజుగారు ఏనాడూ ఎన్నికల్లో నిలబడలేదు. వార్డు మెంబరైనా కాదు. ఎన్నికలొస్తే బడిలో బల్లలు సర్దేదీ, వరసలో నిలబడ్డ ముసలాళ్ళకు మంచినీళ్ళిచ్చేదీ యోసేపే. జనం కొట్టుకు చచ్చినంత పనిచేసి ఓట్లేయడం కళ్ళారా చూశాడు. అయితే నామినేషనుకు ముందు ఇద్దరు అభ్యర్థులూ ఆ అరుగు దగ్గరికే వెళతారు. గెలిచినవాళ్ళు మెళ్ళో దండతో మళ్ళీ అక్కడికే వెళతారు. ఒకసారి బీసీ, ఒకసారి జనరలు, ఈసారి ఎస్సీ మహిళ. సర్పంచులు మారారు గానీ పుస్తకం బయల్దేరే చోటు మారలేదు. మరి ఓటు ఎవరికి వేసినట్టు? పోనీ ఆయన చెడ్డవారా అంటే అదీ కాదు. యోసేపు భార్య ఆపరేషనుకు ఏలూరు ఆసుపత్రిలో మంచం దొరికింది ఆయన ఫోనుతోనే. ఆలోచిస్తే బుర్ర వేడెక్కడమే తప్ప ఏమీ తేలదు.

సర్పంచి హన్నమ్మ చేపల ప్యాకింగు షెడ్డులో ఉంది. పారతో ట్రేల మీద ఐసు వేస్తోంది. వేళ్ళు పాలిపోయి బిగుసుకుపోయాయి. యోసేపు టిక్కు చూపించాడు.

"చేతులు మొద్దుబారిపోయాయి బాబాయ్. కాస్త వేడెక్కనివ్వండి. ఈలోగా అదేంటో చదవండి."

యోసేపు చదవడం మొదలెట్టాడు. పేటలోని మంచినీళ్ళ చెరువు వాడకంలో లేదట. దాన్ని ఐదేళ్ళపాటు చేపల పెంపకానికి లీజుకివ్వాలని సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఆమోదించారట. మధ్యలో చదవడం ఆపేశాడు. తనుండేదీ ఆ పేటలోనే. పొద్దున్న ఆ చెరువు నీళ్ళే తాగి బయల్దేరాడు. చేపల మేతా మందులూ పడితే ఇక పేటలో ఎవరూ ఆ నీళ్ళు నోట పెట్టుకోలేరు. మెంబర్లందరి చేతా సంతకాలు పెట్టించింది తనే, ఆ టిక్కులన్నీ తనవే. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నేను పెట్టకపోతే ఏమవుద్ది బాబాయ్?"

నిజంగానే అతనికి తెలియదు. పెట్టనివాళ్ళు ఇంతదాకా లేరు. తెలీదమ్మా అన్నాడు. హన్నమ్మ మళ్ళీ పార అందుకుంది. పెట్టననీ అనలేదు, పెట్టనూ లేదు.

సాయంత్రం నరసరాజుగారు కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం చూశారు. కోప్పడలేదు. సర్పంచి రాకపోతే ఉపసర్పంచి కృపానందం అధ్యక్షత వహించినట్టు రాస్తే సరిపోతుందన్నారు. మెజారిటీ ఉంది కదా, తెచ్చింది నువ్వే కదా అని నవ్వారు. తర్వాత కోడలు గంగాభవానిని పిలిచి కుర్చీ తెమ్మన్నారు.

"కూర్చో యోసేపూ."

ముప్ఫయ్యేళ్ళుగా మెట్టు కింద నిలబడినవాడికి ఆ మాట తనతోనే అన్నారో లేదో తెలియలేదు. వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. అయినా కూర్చోలేదు.

సమావేశం నోటీసు మెంబర్లందరికీ మూడు రోజుల ముందే అందజేశానని అటెండరు సంతకం చెయ్యాలి. అది లేకపోతే ఏలూరు ఆఫీసులో లీజు కాగితాలు తీసుకోరు. ఎప్పుడూ చేసే సంతకమేనంటూ రాజుగారు కాగితం, పెన్ను ముందుకు జరిపారు.

"నోటీసులు నేనెవరికీ ఇవ్వలేదండి," అన్నాడు యోసేపు.

"ఎప్పుడిచ్చావు గనక?"

అదీ నిజమే. యోసేపు తల దించుకున్నాడు. మరి పేటవాళ్ళు ఏ నీళ్ళు తాగాలని అడిగాడు. ట్యాంకరు తెప్పిస్తాను, నేను లేనా అన్నారు రాజుగారు. ఉన్నారు. ఎప్పుడూ ఉన్నారు. ఆసుపత్రి మంచం గుర్తొచ్చి యోసేపు చెయ్యి పెన్ను దాకా వెళ్ళి ఆగిపోయింది.

"నాకేం అర్థం కావట్లేదండి. మీటింగు మాత్రం జరగలేదండి. నేను పెట్టలేనండి."

ఆఫీసు తాళంచెవులు అరుగు మీద పెట్టి, దణ్ణం పెట్టి, వచ్చేశాడు. చేసింది ఒప్పో తప్పో తెలియలేదు. గేటు దాటుతుండగా వెనక గంగాభవాని గొంతు వినిపించింది, కుర్చీ లోపల పెట్టేయమంటారా అని.

"ఉండనీ అమ్మా. రేపు కొత్త అటెండరు వస్తాడు."

యోసేపు వెనక్కి తిరిగి చూశాడు. అరుగు అంచున ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కొత్తది, దాని వీపుకు అంటించిన కంపెనీ చీటీ ఇంకా ఊడలేదు.