మేనత్త కాలి కింద మైనం

భర్త వెండెల్ పోయాక వేసవి సగం గడిచింది గానీ, వెర్నా ఇంకా కంట తడి పెట్టలేదు.

చర్చిలో అందరూ ఆమె నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. వండిన గిన్నెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లదీ అదే మాట. వెర్నా వాళ్లకు థాంక్స్ చెప్పి, గిన్నెలు ఫ్రిజ్‌లో సర్ది, తలుపు వేసుకునేది. నిబ్బరమంటే లోపల ఏదో పొంగుతుంటే మూతపెట్టి ఆపడం. ఆమె లోపల పొంగేదేమీ లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తే, మన బుగ్గే మనకు పక్కవాళ్ల బుగ్గలా తగులుతుంది కదా, ఆమెకు ఒళ్లంతా అలా ఉంది.

సూది సంగతి ఆమెకు తెలియనిది కాదు. వెండెల్ కాలిఫోర్నియాలో, పసడీనా ఊళ్లో పళ్ల డాక్టరు. ఆ క్లినిక్ ముందు గదిలో కూర్చుని ఏళ్ల తరబడి ఫోన్లు ఎత్తింది ఆమే. వచ్చిన ప్రతివాడికీ అతను ఒకటే చెప్పేవాడు: "ఇప్పుడు హాయిగానే ఉంటుంది. మత్తు వదిలేటప్పుడు నొప్పి పుడుతుంది. పుట్టిందంటే వదులుతోందని అర్థం. దానికోసం నాకు ఫోన్ చెయ్యకండి, ఇంట్లో మనుషులకి చెప్పుకోండి."

తనకు వదలకపోతే ఎలా అన్నదే వెర్నా భయం. జీవితంలో ముప్పాతిక భాగం ఒక మనిషి పక్కన పడుకుని లేచి, అతను పోతే చీమ కుట్టినట్టయినా లేని ఆడదాన్ని ఏమనాలి? ఆ మనిషిని అసలు ప్రేమించనే లేదనాలి. కాఫీ కలుపుకుంటున్నా, మొక్కలకు నీళ్లు పోస్తున్నా ఈ అనుమానం ఆమెను వదిలేది కాదు.

ఇంటి నిండా వెండెల్ పోగుచేసిన మట్టి బొమ్మలు. బొమ్మలంటే మనిషో గుర్రమో అనుకునేరు. దేనికీ ఒక రూపమని లేదు. కుండ చెయ్యబోయి మధ్యలో ఒళ్లు మండి గుద్దినట్టు ఒకటి, వానకు తడిసి కూలబడిన గోడలా ఇంకొకటి, వాటి మీద నీలం, పసుపు, రక్తంలాంటి ఎరుపు గ్లేజు, గాజులా మెరిసే పూత, కారి గడ్డకట్టి ఉంటుంది. కుండ అన్నాక నీళ్లకో పూలకో పనికిరావాలన్న నియమాన్ని బట్టీలో పడేసి తగలబెట్టిన కాలిఫోర్నియా కుమ్మర్లు చేసినవి. చేసినవాళ్లు దేనికీ పేరు పెట్టరు, అడిగితే పేరు లేదంటారు. ఇంట్లో దుమ్ము దులపాల్సిన మనిషికి పేర్లు కావాలి కాబట్టి మొగుడూ పెళ్లాం కూర్చుని తామే పెట్టుకున్నారు. కడుపునొప్పి. తడిసిన సోఫా. కోపిష్టి జడ్జి. మూడు కాళ్ల మీద ఓ పక్కకి ఒరిగి నిలబడే పెద్ద ఎర్రబొమ్మ మేనత్త. వెండెల్ మేనత్త మిల్డ్రెడ్ అచ్చం అలాగే నడిచేది.

ఈ సరుకు తెలిసినవాళ్లు ఇంటికొస్తే బొమ్మ ముఖం చూడరు. ముందు తిరగేసి అడుగు చూస్తారు, సంతకం ఎక్కడుంది, గ్లేజు ఎక్కడ ఆగింది అని. వెండెల్ ఇంట్లో వాళ్లకు ఆ సరదా తీరేది కాదు. ఒకసారి భూకంపానికి మంచివి కొన్ని నేలపాలయ్యాక, అతను ప్రతి బొమ్మనూ గోడ అరకు మైనంతో అంటించేశాడు. చిన్న ఉండ తీసుకుని అరచేతుల మధ్య మెత్తబడేదాకా నలిపి, బొమ్మ అడుగున బొటనవేలితో నొక్కి, అరమీద పెట్టి చుట్టూ అంచులు అదిమేవాడు. ఊడదియ్యాలంటే పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం కిందకు దూర్చి రంపంలా లాగాలి. పళ్ల డాక్టరు ఇంట్లో దారానికి కరువా.

బొమ్మలన్నీ ఒక మ్యూజియానికి రాసిచ్చి పోయాడు వెండెల్. అక్కడినుంచి టెస్సా అనే అమ్మాయి ఫోన్ చేసి, మైనం తామే తీయిస్తామంది. వెర్నా ఒప్పుకోలేదు, తనే తీస్తానంది. ఆమె ఆశ ఆమెది. ఒక్కొక్కదాన్నీ చేతుల్లోకి తీసుకుంటే ఎక్కడో ఒకచోట గుండె కలుక్కుమనకపోతుందా అనుకుంది. కడుపునొప్పి కింద దారం లాగింది, ఏమీ లేదు. జడ్జిని ఎత్తి గోనెగుడ్డ మీద పడుకోబెట్టింది, ఏమీ లేదు. గోకిన మైనాన్ని గోకినట్టే ఉండ చుడుతూ పోతే బత్తాయి అంతయింది. దాన్ని చెత్తబుట్టలో వేసింది. మంగళవారం బండి వచ్చి తీసుకుపోయింది. మేనత్త ఒక్కటే ఆమె కదిపితే కదల్లేదు, దాన్ని అలాగే వదిలేసింది.

మ్యూజియం వాళ్లు వచ్చిన రోజు గస్ కూడా వచ్చాడు. మేనత్తను చేసింది అతనే. వెండెల్‌కి కుర్రతనం నాటి స్నేహితుడు, ఎనభై దగ్గరపడ్డా ఇంకా గోళ్లలో మట్టి పోని మనిషి. వస్తూనే టోపీ తీసి విసురుకున్నాడు.

"ఏం వెర్నా, ఇంట్లో బట్టీ పెట్టావా? ఏసీ వెయ్యవేం?"

"వేడిగా ఉందా? నాకు తెలియలేదు."

గస్ ఆమె ముఖం వంక ఓ క్షణం చూసి, వెళ్లి తనే ఏసీ మీట నొక్కాడు.

పనివాళ్లు చెక్కపెట్టెల్లో స్పాంజి పరిచి బొమ్మల్ని ఒక్కొక్కటే పడుకోబెట్టారు. వెర్నా కుర్చీలో కూర్చుని చూసింది. అరలు ఖాళీ అవుతుంటే గోడ మీద వెలిసిపోని చోట్లు తెల్లగా బయటపడ్డాయి. పక్కింటివాళ్లు ఇల్లు మారుతుంటే కిటికీలోంచి చూస్తున్నట్టుంది ఆమెకు.

చివరికి కిటికీ పక్కన కింది అరమీదున్న మేనత్త మిగిలింది. టెస్సా దాని కాళ్లు పరీక్షగా చూసి, "ఒక కాలు పొట్టిగా ఉందే. విరిగిందా?" అంది.

"విరగడమేంటమ్మా, కావాలని చేశాను," అన్నాడు గస్. "వేలితో తాకితే ఊగాలి, అదీ దాని అందం. ముప్ఫై ఏళ్లు మొత్తుకున్నాను వీడితో, దాన్ని ఊగనివ్వరా అని. వింటేగా. మైనం కూరి నా బొమ్మకి చెప్పు తొడిగాడు. ఆ మైనం చూసినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు."

"అలా అని ఉన్నదంతా తినే వెళ్లేవాడివి," అంది వెర్నా.

టెస్సా నవ్వి, టార్చిలైటు పట్టుకుని బొమ్మ వెనక్కి దూరింది. "అవును, పొట్టి కాలి కింద చాలా మందంగా ఉంది. పక్కన బొటనవేలి ముద్ర కూడా పడింది. పర్లేదండీ, మావాళ్లు తీసేస్తారు."

వెర్నా కుర్చీలోంచి లేచింది. మోకాళ్లు సహకరించకపోయినా గోడకు చెయ్యి ఆనించి నేలమీద చతికిలబడి, టెస్సా చూపించిన చోటుకు తల వంచింది.

మిగతా వాటి కింద బరువుకు అణిగిపోయిన మైనం, ఇక్కడ కాలికీ అరకూ మధ్య ఖాళీలో నిండుగా నిలిచి ఉంది. దాని పక్కన లోతుగా ఒక బొటనవేలు. గీతలు గీతలుగా, అడ్డంగా ఓ మచ్చతో. పెళ్లయిన కొత్తలో పనిముట్టు జారి వెండెల్ వేలు తెగింది. కుట్లు వేయించుకోవడానికి తీసుకెళ్లింది వెర్నాయే, దారి పొడుగునా అతను ఆమె గౌను అంచుతో వేలు చుట్టుకుని జోకులు వేశాడు.

"ఇదేమిటి, పైన చెరిగినట్టుంది?" అంది ఆమె.

గస్ కూడా వంగి చూశాడు. "మెత్తబడింది. ఎండ తగులుతోంది కదా. మధ్యాహ్నం కర్టెన్ వెయ్యట్లేదా నువ్వు?"

"ఆయన వేసేవాడు. రంగులు వెలిసిపోతాయని."

"అంత మంటలో కాలిన రంగుని ఎండేం చేస్తుంది వెర్నా? గ్లేజు వెయ్యేళ్లున్నా వెలవదు. వాడు వేసేది మైనం కోసం."

వెండెల్ పోయాక ఆ కర్టెన్ లాగినవాళ్లు లేరు. ఎండ వస్తోందనిగానీ, ఇల్లు కాగుతోందనిగానీ ఆమెకు తెలిస్తేగా. ఇంకో నెల ఇక్కడే ఉంటే ఆ వేలు మొత్తం కరిగిపోయేది.

టెస్సాకి సంగతి అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి, "మీరు ఉంచుకోవాలంటే ఇది ఉంచుకోండి. నేను పైవాళ్లకు చెబుతాను," అంది.

"మీ దగ్గర చల్లగా ఉంటుందా?"

"ఏడాది పొడుగునా ఒకే చల్లదనం. ఎండ సోకదు. కానీ మైనం ఉంచరండీ. బొమ్మలో భాగం కానిదేదైనా తీసెయ్యాలన్నది మా పద్ధతి."

గస్ టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు. "బొమ్మ చేసింది నేనేగా. ఏది భాగమో నేను చెబితే చెల్లుతుందిగా? రాసుకో. మట్టి, గ్లేజు, మైనం."

"మైనం చూస్తే అన్నం సయించదన్నారు?"

"సయించదు. అయినా రాసుకో. చచ్చి గెలిచాడు వెధవ."

టెస్సా రాసుకుంది.

వెర్నా తన బొటనవేలు చాచింది. ఆ గుంటలో పెట్టి ఒక్కసారి చూద్దామనిపించింది. దాని అంచుదాకా వెళ్లి, తన వేలి వేడికి ఉన్నదీ చెరుగుతుందని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తీసుకెళ్లండి," అంది.

అరపలకతో సహా ఊడదీసి, మేనత్తను నిలబెట్టే పెట్టెలో ఎక్కించారు. వీధి మలుపులో బండి చప్పుడు ఆగిపోయేదాకా వెర్నా గుమ్మంలో ఉండి, లోపలికి వచ్చింది. ఎండ అప్పుడే ఖాళీ అరల మీదికి వస్తోంది. ఆమె వెళ్లి కర్టెన్ లాగింది. లాగాక, ఆ తాడు చేతిలో అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"గస్."

"ఊఁ."

"నొప్పి పుడుతోంది."

ఎక్కడని అతను అడగలేదు. వెండెల్ కుర్చీలో పళ్లు చూపించుకున్నవాడే కాబట్టి ఆ మాట అతనికీ తెలుసు. పెద్ద కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి ఆమెను కూర్చోబెట్టి, తను ఎదురుగా, మిగిలిపోయిన ఖాళీ పెట్టె మీద కూర్చున్నాడు.

"చెప్పు మరి," అన్నాడు. "నేను ఇంట్లో మనిషినేగా."

"ప్రతి బొమ్మ కిందా ఆయన వేలు ఉండే ఉంటుంది గస్. నేను ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు. అన్నీ కలిపి ఉండ చుట్టి చెత్తలో పారేశాను," అని, వెర్నా రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది.